రెండు పుటల ప్రదర్శన
అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జెస్యూట్లు, అంటే ఇగ్నేషియస్ లొయోలా నెలకొల్పిన యేసు సభకు చెందిన కతోలిక గురువులు, 1863లో స్థాపించిన బోస్టన్ కళాశాలలోని జాన్ జె. బర్న్స్ గ్రంథాలయం అరుదైన పుస్తకాలకూ, ఉత్తరాలు, రాతప్రతుల వంటి మూలపత్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్‌కూ నిలయం. ఐర్లండ్ చరిత్ర, సాహిత్యాల సేకరణకూ, నవలాకారుడు గ్రాహం గ్రీన్ సొంత పుస్తకాలకూ పేరుపొందిన ఈ గ్రంథాలయంలో ‘జెస్యూటికా’ అనే విభాగం ప్రత్యేకమైనది. పోపు పద్నాలుగవ క్లెమెంటు 1773లో యేసు సభను (అది తర్వాత మళ్లీ ఏర్పడింది) రద్దుచేయడానికి ముందు దాని సభ్యులు రాసిన గ్రంథాలు, వారిని గురించి ఇతరులు రాసినవి అందులో ఉన్నాయి. అవన్నీ ప్రార్థన పుస్తకాలే అనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఆ గురువులు గణితం, ఖగోళం, దూరదేశాల భాషలను గురించి కూడా విస్తారంగా రాశారు.

ఇటువంటి పుస్తకాలను ప్రదర్శించడం బీరువా తెరిచి చూపినంత సులువు కాదు. వెలుతురు సోకితే సిరా వెలిసి, కాగితం రంగుమారుతుంది, ఆ నష్టం మళ్లీ పూడేది కాదు కనుక, అద్దాల పెట్టెలో కాంతిని సాధారణంగా 50 లక్సుల దగ్గర, అంటే చదువుకునే బల్లపై ఉండే వెలుగులో సుమారు పదోవంతుగా, ఉంచుతారు. బైండు వెన్ను విరగకుండా పుస్తకాన్ని అది ఓర్చుకోగలిగినంత మేరకే తెరిచి, ఆసరాపై నిలుపుతారు. ఎంత పెద్ద గ్రంథమైనా సందర్శకుడికి కనిపించేవి రెండే పుటలు, ఆ రెండు ఏవన్నది ఎంచడంలోనే నిర్వాహకుల పాండిత్యమంతా బయటపడుతుంది.