తాళపత్రములకు కావలి

ఒక గ్రంథాలయమువారు తమ తాళపత్రముల చిత్రములను ఎల్లరును ఫోనులో చదువుకొనునట్లు చేసిపెట్టుమని నన్ను కోరిరి. ఒక్కొక్క చిత్రము నూరు మెగాబైట్లకు మించినది; పల్లెటూరి సిగ్నలు దానిని మోయగలదా?

వారి వెబ్‌సైటు రైల్స్ అను చట్రముపై కట్టబడినది. అందు రిఫ్ అను ఉపకరణమును కూర్చితిని. 2011లో ఆరంభమైన ట్రిపుల్ ఐ ఎఫ్ పద్ధతిని అది అనుసరించును. చదువరి చిత్రమంతయు తెప్పించుకొన నక్కరలేదు. ఏ భాగము, ఎంత పరిమాణము, ఎంత త్రిప్పవలెను, ఏ నాణ్యము, ఏ రూపము అనునవి వరుసగా చిరునామాలోనే యుండును. ఆ తునుకను మాత్రమే కోసి యిచ్చును. ఒక్క అక్షరమును పెద్దది చేసినచో పురుగు తొలిచిన రంధ్రము సైతము కానవచ్చును.

అయితే నేనొక పొరపాటు చేసితిని. ఆ ఉపకరణమునకు కావలివానిని మనమే నియమింపవలెను. లేనిచో అడిగినవారికెల్ల కాదనక యిచ్చును. ఒక కుటుంబమువారు బయటపెట్టవలదని అప్పగించిన భూమి దస్తావేజులును ఆ చిత్రములలో నుండెను. వానిని చూపు పుటకు తాళము వేసితిని గాని, చిత్రపు చిరునామా తెలిసినవానికి పెరటితలుపు తెరచియే యున్నది! ఆ రాత్రియే, చిత్రమడిగిన ప్రతిసారియు అనుమతి విచారించు నియమమును వ్రాసితిని. మరునాడు ఆ యింటి పెద్దకు స్వయముగా పోయి చెప్పితిని. "ఎవరైనను చూచిరా, నాయనా?" అని ఆయన యడిగిరి. తలుపు తెరచియున్న ఆరు దినముల చిట్టాను ఆయన యెదుటనే వెదకితిని. ఎవరును అడిగియుండలేదు.