రాని శక్తి కోసం ఎదురుచూసిన పిల్లవాడు

పిల్లల చేత పుస్తకాలు చదివించడమే పనిగా బతికిన ఒక గ్రంథపాలకుడి పేరిట జరిగే ఉపన్యాసమిది. అందుకని పిల్లల నవలనే ఎంచుకున్నాను. ఉర్సులా లె గ్విన్ రాసిన ‘గిఫ్ట్స్’ 2004లో వచ్చింది. అప్పటికి ఆవిడకు 75 ఏళ్లు నిండవస్తున్నాయి.

మాంత్రికుల బడికి వెళ్లే పిల్లవాడి కథ అనగానే ఇవాళ అందరికీ హ్యారీ పాటర్ గుర్తొస్తాడు. 1997లో ఆ వరసలో మొదటి పుస్తకం రావడానికి చాలా ముందే, 1968లో, లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాశారు. గెడ్ అనే పల్లెటూరి పిల్లవాడు రోక్ దీవిలో మంత్రవిద్య నేర్చుకుంటూ, సాటివాడి మీద పంతం కొద్దీ చేయరాని ప్రయోగం చేసి, ఒక నీడను తన మీదికి తెచ్చుకుంటాడు. చిక్కంతా శక్తి ఎక్కువవడం వల్ల వచ్చిందే. 36 ఏళ్ల తర్వాత ఆవిడే ఆ కథను తిరగేశారు. ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న శక్తి పిల్లవాడికి రాకపోతే ఏమవుతుంది?

కథ జరిగేది పేద కొండసీమలో. పంటలు అంతంతమాత్రం, పశువులే ఆస్తి, పొరుగువాడి మందను తోలుకుపోవడం మామూలు. ఒక్కో ఇలాకాకు ఒక దొర, ఒక్కో వంశానికి ఒక శక్తి. తండ్రిది కొడుక్కి, తల్లిది కూతురికి వస్తుంది. ఒకరు పశువుల్ని పిలవగలరు. ఇంకొకరు మనిషి నెలల తరబడి క్షీణించి చచ్చేలా చేయగలరు. కథానాయకుడు ఓరెక్ వంశానిది అన్నిటికన్నా ఘోరం: చూపు, చేయి, ఊపిరి, సంకల్పం కలిస్తే ఎదుట ఉన్నది రూపుమాసిపోతుంది. శక్తి పలచబడకూడదని పెళ్లిళ్లు కూడా లెక్క చూసి చేస్తారు. లె గ్విన్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త. ఈ చుట్టరికాల లెక్కలు చదువుతుంటే నాకు ఆ ఇంటి వాసన తగులుతుంది.

ఓరెక్ తండ్రి కానాక్ ఆ లెక్క తప్పాడు. పల్లపు ఊళ్ల నుంచి మెల్లె అనే అమ్మాయిని తెచ్చుకుని ప్రేమగా చూసుకున్నాడు. కొడుక్కి ఈడొస్తోంది గాని శక్తి జాడ లేదు. చివరికి ఒకనాడు ఓరెక్ చూపు పడిన పాము చచ్చింది. తర్వాత ఒక కుక్క. ఆ తర్వాత కొండవాలు ఒకటి మోడై బూడిదైంది. ఇవేవీ తాను కావాలని చేసినట్టు పిల్లవాడికి అనిపించలేదు. అంటే శక్తి అదుపు తప్పిందన్నమాట! పూర్వం కాడర్డ్ అనే తాతకూ ఇలాగే జరిగిందట. కళ్లకు గంతలు కట్టారు, ఓరెక్ ఒప్పుకున్నాడు.

నవల చదవనివారు మన్నించాలి, ముడి విప్పక తప్పడం లేదు. పామును, కుక్కను, కొండవాలును మాపింది తండ్రేనని చాలా కాలానికి ఓరెక్‌కు తట్టింది. కొడుక్కి ఏ శక్తీ లేదు. కాని కళ్లు కట్టి ఉంచాల్సినంత భయంకరమైన కుర్రాడు ఆ ఇంట్లో ఉన్నాడంటే పొరుగు దొర ఆగ్ డ్రమ్ హద్దు దాటడానికి జంకుతాడు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో నడివయసు దాకా వచ్చిన రచయిత్రికి, ప్రయోగించకుండానే పనిచేసే ఆయుధం సంగతి ఒకరు చెప్పాలా?

మనకు ఇక్కడ గాంధారి గుర్తుకు రాకుండా ఉండదు. స్త్రీపర్వంలో, కొడుకులందర్నీ పోగొట్టుకున్న ఆ తల్లి చూపు గంతల సందు నుంచి ధర్మరాజు కాలిగోళ్ల మీద పడితే అవి కమిలిపోయాయి. ఆవిడ తనకు తానే కట్టుకున్న గంతల వెనక నిజంగానే నిప్పుంది. ఓరెక్ గంతల వెనక ఉన్నవి మామూలు పిల్లవాడి కళ్లు. ఆ సంగతి అతనికే తెలియదు. తన చూపుకు తానే భయపడుతూ ఆ వయసంతా గడిపాడు.

కానాక్‌ను దుర్మార్గుణ్ణి చేయకపోవడం ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది. అతను ఇలాకాను కాపాడుకోవాలి, కొడుకునూ కాపాడుకోవాలి. చేతిలో ఉన్న ఉపాయం అదొక్కటే. దాని ఖరీదు మాత్రం పిల్లవాడు చెల్లించాడు. ఆగ్ దొర ఇంటికి వెళ్లివచ్చాక మెల్లె కడుపులో బిడ్డ పోయింది, ఆమె మంచాన పడింది. తల్లి చిక్కిపోతుంటే ఆ ముఖం చూడాల్సిన కళ్లకు గంతలున్నాయి. పుస్తకాలే లేని ఆ ఇంట్లో తనకు గుర్తున్న కథలూ పద్యాలూ బట్ట మీద రాసి ఆమె కొడుక్కి పుస్తకాలు చేసిపెట్టింది. చదువుకోవాలంటే గంతలు విప్పాలి. ఆగ్ తెచ్చే ఏ భయం కన్నా ఆ పుస్తకాలు గట్టిగా లాగాయని నేను చదువుకున్నాను.

ఓరెక్ నేస్తం గ్రై సంగతి వేరు. ఆమెకు శక్తి ఉంది, పశువులు పిలిస్తే వస్తాయి. తల్లి ఆ శక్తితో వేటగాళ్ల ముందుకు జంతువుల్ని రప్పిస్తుంది. గ్రై మాత్రం చంపడానికి పిలవనంది. ఊరూ వాడా అమ్మా ఏమన్నా వినలేదు. లేనిదాన్ని ఉందనుకుని నలిగిన పిల్లవాడి పక్కన, ఉన్నదాన్ని వాడనని మొండికేసిన పిల్ల. పెద్దవాళ్లు కావడమంటే శక్తి చేతికి రావడమే అనుకునే నవలలు కుప్పలుగా ఉన్నాయి. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల్లో మాంత్రికుల మంత్రాలకు ఎదురు నిలిచేది కత్తీ యుక్తీ ఉన్న యువకులు. ఇక్కడ కత్తి కూడా లేదు.

లోపాలు లేవనను. మొదటి సగం కొండల్లో నడకలాగే నిదానం, చివరి పోరు మాత్రం హడావిడిగా ముగిసింది. పది పన్నెండేళ్ల పిల్లలకు ఇస్తే మధ్యలో ఒకసారి పక్కన పెట్టేస్తారు. పెట్టనివ్వండి. రెండేళ్లాగి వాళ్లే తీస్తారు.

ఈ వరసలో తర్వాతి రెండు నవలలూ ‘వాయిసెస్’ (2006), ‘పవర్స్’ (2007). ‘వాయిసెస్’లో ఓరెక్ పేరున్న కవిగా, రాత అంటేనే దయ్యమని పుస్తకాల్ని నాశనం చేసే దండు పాలిస్తున్న నగరానికి వస్తాడు. పక్కన గ్రై, ఆమె వెంట ఒక సింహం. ‘పవర్స్’కు 2008 సంవత్సరపు నెబ్యులా పురస్కారం దక్కింది. నన్నడిగితే మొదటిదానికే ఇచ్చేవాణ్ణి.