బల్లకు అవతలి వైపు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ఉద్యోగం - ఆరోగ్యం - మారిన ఆఫీసు". నేను వక్తను కాను. ముప్పై అయిదేళ్ళు నోటు ఫైలు రాసినవాణ్ణి. మాట్లాడుతూ మాట్లాడుతూ "తదుపరి ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది" అంటే మన్నించండి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. 1973లో గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో ఎల్.డి.సి.గా చేరాను. పొద్దున తప్పాలు విప్పడం, నంబరు వేయడం, సాయంత్రానికి పర్సనల్ రిజిస్టరు సరిచూసుకోవడం నా పని. కార్బన్ మసితో వేళ్ళు నల్లబడేవి. స్టెన్సిల్‌లో ఒక్క అక్షరం తప్పు పోతే పెద్ద గుమాస్తాగారి ముఖం చూడలేకపోయేవాళ్ళం. పాత రికార్డులు ఉర్దూలో ఉండేవి. అవి చదివే ముసలాయన సెలవు పెడితే సెక్షనుకే సెలవు పెట్టినట్లు.

ఆ తరువాత చూడని మార్పు లేదు. పట్వారీలు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో మన రెండు జిల్లాలు ముక్కలై కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. 2020లో వి.ఆర్.ఓ.లు పోయి ధరణి వచ్చింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. కాగితం కంప్యూటరులోకి వెళ్ళింది. బల్ల మాత్రం అట్లాగే ఉంది. ఇటు ఒకడు కూర్చుంటాడు, అటు ఒకడు నిలబడతాడు. ఈ రోజు ఆ బల్ల గురించే చెప్పదలిచాను.

నా సర్వీసులో నేను మరువలేని మనిషి ఒక అటెండరు భార్య. భర్త సర్వీసులో ఉండగానే పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నా సీటుకు వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు చివర 'అవ్వ' ఉంది, రేషను కార్డులో లేదు. కొర్రీ పెట్టాను. ఇద్దరూ ఒక్కరే అని తహసీలు నుండి ఒక ధ్రువపత్రం తెప్పిస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. కానీ చెప్పలేదు. "పై నుంచి రావాలె" అన్నాను. ఆమె రెండు బస్సులు మారి వచ్చేది. "సారూ, మల్ల ఎప్పుడు రమ్మంటరు?" అని మాత్రం అడిగేది. ఒక్కనాడూ గట్టిగా మాట్లాడలేదు. పద్నాలుగు నెలల తరువాత కొత్త సూపరింటెండెంటుగారు వచ్చి రెండు వాక్యాలు రాస్తే పని అయిపోయింది. ఆ లోపల ఆమె పెద్ద కొడుకు బడి మానేసి ఒక ఆసామి దగ్గర జీతం కుదిరాడు.

నేను లంచగొండిని కాను, చెడ్డవాణ్ణీ కాను. అలసిపోయి ఉండేవాణ్ణి. ఆడిటు భయం, జమాబందీ రాత్రులు, ఎలక్షన్ డ్యూటీలు, నలభై అయిదేళ్ళకే బి.పి. అలసిన గుమాస్తాకు కొర్రీ ఒక చెట్టునీడ. దాని కింద కాసేపు కూర్చోవచ్చు. ఎండలో నిలబడేది మాత్రం అవతలివాడు. అందుకే ఉద్యోగి ఆరోగ్యం అతని ఒక్కడి సొంత విషయం కాదంటాను.

బల్ల లేని ఆఫీసును కూడా ఒకసారి చూశాను. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు డ్యూటీ పడింది. కొమురం భీమ్ 1940లో ప్రాణాలర్పించిన తరువాత, గోండుల మధ్య పనిచేసిన హైమన్‌డార్ఫ్ దొర సలహాతో మొదలైన దర్బారు అది. అధికారులే అడవికి వెళ్ళి అర్జీలు తీసుకుంటారు. నాకు గోండి రాదు, పక్కన ఒకరు తెలుగులో చెబుతుంటే రాసుకున్నాను. అన్నీ పరిష్కారమయ్యాయని అనను. కానీ ఆ రోజు మేము నడిచి వెళ్ళాం, వాళ్ళు కూర్చుని చెప్పారు.

2008లో పదవీ విరమణ చేశాను. పదిహేనేళ్ళ దాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ తరువాత ఒక ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోతే నా వేలిముద్ర పడలేదు. కార్బన్, కాగితాలు, వయసు కలిసి ముద్రను అరగదీశాయి. రెండు నెలలు పెన్షన్ ఆగింది. "మళ్ళీ రండి" అన్నారు. ఆ మాట చెవిన పడగానే ఆ అటెండరు భార్య కళ్ళ ముందు నిలిచింది. చివరకు ఔట్‌సోర్సింగు కుర్రవాడు ఒకడు కుర్చీ వేసి కూర్చోబెట్టి, సెల్‌ఫోన్‌లో నా ముఖం చూపించి అయిదు నిమిషాల్లో పూర్తిచేశాడు. "నీకు జీతం ఎప్పుడు వచ్చింది నాయనా?" అంటే నవ్వి, "మూడు నెలలైంది తాతా" అన్నాడు.

1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈ రోజు మన పండుగ. కానీ 2004 సెప్టెంబరు నుండి చేరినవారికి మన పెన్షన్ లేదు. ఆ కుర్రవాడికి అదీ లేదు. మా కోడలు కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళతో మీటింగు. మేము అయిదింటికి బీరువా తాళం వేసి ఇంటికి వచ్చేవాళ్ళం, ఆ పిల్లకు తాళం వేసే వీలే లేదు. "మా కాలంలో ఇంకా కష్టపడ్డాం" అని పిల్లలతో అనకండి. నేను అనేవాణ్ణి, మానేశాను.

పెద్దలకు నాలుగు మనవులు. మీ భార్య పేరు, పుట్టిన తేదీ పెన్షన్ కాగితాల్లో సరిగా ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో ఆమెకు చూపించండి. బి.పి. మాత్ర బాగున్నప్పుడు కూడా వేసుకోండి. రోజూ ఒకరితోనైనా ఇంటి బయట మాట్లాడండి. 1983లో పదవీ విరమణ వయసు 58 నుండి 55కు తగ్గించినప్పుడు, హఠాత్తుగా ఇంటికి పంపబడిన ఒక పెద్దాయన మరునాడు పదిన్నరకు ఆఫీసుకు వచ్చి తన కుర్చీ దగ్గర నిలబడ్డాడు. మాకు ఏం చెప్పాలో తోచలేదు. తరువాత మళ్ళీ 58 అయింది, 2021లో మన రాష్ట్రంలో 61 అయింది. ఏనాటికైనా కుర్చీ దిగవలసిందే. దిగాక వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి. నాకు ఆ చోటు మన సంఘం.

ఇప్పుడు ప్రతి మంగళవారం మన సంఘం గదిలో ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు రాసిపెడుతున్నాను. వచ్చినవారికి ముందు కుర్చీ, తరువాత మంచినీళ్ళు, తరువాత ఏ కాగితం తక్కువైందో మొత్తం ఒకేసారి రాసి చేతికి ఇస్తాను. పద్నాలుగు నెలల బాకీ ఇంకా తీరలేదు. మీలో ఓపిక ఉన్నవారు ఒక్క పూట వచ్చి సాయపడితే సంతోషిస్తాను.