మన వాద్యములకు సంరక్షకు లెవరు?
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వృత్తిదారుల క్షేమమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మా ఉపసంఘమునకు నియమింపబడిన విషయము వానికంటె చిన్నది. ఒక గది, ఆ గదికొక తాళపుచెవి, ఆ తాళపుచెవిని ఇకమీద ఎవరిచేతి కీయవలయునను ప్రశ్న. ఇంతియే మా విషయము. కాని యీ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పనిచో, కొన్ని యేండ్లకు చెప్పవలసిన యవసరమే యుండకపోవచ్చును.

మన మందిరమున నుత్తరపు గదిలోని వాద్యములను మీలో పెక్కురు చూచియుందురు. మన నాయీబ్రాహ్మణ కులమునందు మంగళవాద్యము వాయించి పేరుగాంచిన విద్వాంసు లొకరు నలుబది యేండ్లు ఊరూర తిరిగి, వాయించువారు లేక అటుకలమీదను, ధాన్యపు కొట్లలోను పడియున్న వాద్యములను తెచ్చి కూర్చిరి. కొన్నిటిని కొనిరి, కొన్నిటిని యడిగి పుచ్చుకొనిరి, కొన్నిటికి బదులుగా తమ సంభావనను విడిచిరి. తమ పేరు సభలో చెప్పవలదని వారు కోరుటచే చెప్పము. వారిపుడు వృద్ధులు. వ్రేళ్లు వంగుట లేదు. చూపు మందగించినది. గడచిన వేసవిలో మమ్ము పిలిపించి, "నాయనలారా! ఇంతవరకు కాచితిని. ఇక కాయలేను. నేనుండగనే యప్పగింత జరుగనిండు" అని తాళపుచెవిని ముందుంచిరి. మేము దానిని తీసికొనలేదు. తీసికొని యెవరి కీయవలయునో మాకు తెలియకపోయెను.

మేము గది తెరిచి లెక్క చూచితిమి. నాదస్వరములు 14, ఒత్తులు 3, డోళ్లు 9, తాళముల జతలు 6, శ్రుతిపెట్టెలు 4, వీణలు 2, ఫిడేళ్లు 2, మృదంగము 1, వెరసి 41. వారి పాత పుస్తకములో 43 వ్రాసియున్నది. తక్కిన రెంటి మాట మన సంఘము వినక తప్పదు. ఒక నాదస్వరమును ఒక పెండ్లికని మనవారే రసీదు లేకుండ తీసికొనిపోయిరి. అది తిరిగి రాలేదు. ఒక డోలును వానకాలమున నేలపై నుంచగా తోళ్లను ఎలుకలు కొఱికినవి, గూటిని చెదలు తినినవి. తప్పు పరులది కాదు, మనది.

ఈ పాత కఱ్ఱలతో నేమి ప్రయోజనమని యడుగువారు కలరు. వారికి మా మనవి యిది. పూర్వపు తిమిరి నాదస్వరము పొట్టిది, హెచ్చు శ్రుతి గలది. తిరువావడుతురై రాజరత్నం పిళ్లైగారి (1898–1956) కాలమున పొడవై, తగ్గు శ్రుతిగల బారి నాదస్వరము వ్యాప్తికి వచ్చెను. మన గదిలో రెండు విధములవియు నున్నవి. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన బాలునకు, తాతలు ఏ శ్రుతిలో వాయించిరో, తండ్రులు ఏల మార్చుకొనిరో గ్రంథము లేకయే బోధపడును. వ్రేళ్లతో మూయు ఏడు రంధ్రములు గాక, అడుగుభాగమున మైనముతో మూసి శ్రుతిని సరిచేసికొను రంధ్రములును గలవు. పాత వాద్యమున నా మైనము ఎంతవరకు నిండియున్నదో చూచినచో, దానిని వాయించినవాని చెవి యెట్టిదో తెలియును. ఇక ఒత్తు సంగతి. ఆధారశ్రుతి కొఱకు ఊపిరి తెగనీయక ఒక్క స్వరమునే యూదుచు మేళమునకు వెనుక నిలుచు నొత్తువానిని నేటి పిల్లలు చూడనే లేదు. శ్రుతిపెట్టె వచ్చి యాతని స్థానము నాక్రమించెను. మన మూడు ఒత్తులును నశించినచో ఆ మనుష్యుని శ్రమకు గుర్తు కూడ మనయొద్ద మిగులదు.

కుంభకోణమునకు సమీపమున నున్న నరసింగంపేట నాదస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. క్రొత్తవానిని చేయు చేతుల కట్టి గౌరవము దక్కుట సంతోషము. పాతవానిని కాచు చేతులకును కొంత గౌరవము కావలయును.

వాద్యములు ఉన్నచోట నుండక, కాచువారున్న చోట నుండునని చరిత్ర చెప్పుచున్నది. వంగదేశీయుడగు శౌరీంద్రమోహన ఠాకూరుగారు (1840–1914) భారతీయ వాద్యములను పెక్కింటిని బెల్జియము రాజగు రెండవ లియోపోల్డునకు బహూకరించిరి. 1877లో నేర్పడిన బ్రస్సెల్సు వాద్యప్రదర్శనశాలకు మూలధనములలో నవి యొకటి. పూనాలో దినకర కేల్కర్‌గారు (1896–1990) తాము జీవితమంతయు సేకరించిన వస్తువులను, వానిలోని వాద్యములతో కూడ, 1975లో మహారాష్ట్ర ప్రభుత్వమున కప్పగించిరి. తమ తరువాత నెవరను ప్రశ్నను తాము జీవించియుండగనే తీర్చుకొనిన వివేక మది.

మన యెదుట మూడు మార్గములు కనబడుచున్నవి. మొదటిది, అన్నింటిని ఒక ప్రదర్శనశాలకు ఇచ్చివేయుట. అచట అవి భద్రముగ నుండును, కాని మన పిల్లలకు గాజుపలక కావలనే యుండును. రెండవది, ఎవరి వాద్యమును వారి వంశమున కిచ్చివేయుట. అట్లు చేసిన మరల నటుకలపైకే పోవును. మూడవది, మన సంఘమే యుంచుకొని తగిన సంరక్షకుని నియమించుట. మేము మూడవదానినే కోరుచున్నాము. అయితే దానివలని భారమును దాచము.

సంరక్షణ మనగా తలుపునకు తాళము వేయుట కాదు. నాదస్వరపు కఱ్ఱను ఎండలో నుంచిన పగులును. వాయించినపిమ్మట తడి తుడువకున్న చెడును. డోలు తోళ్లు వానకాలమున వదులగును, వేసవిలో బిగిసి చిట్లును. వీణకు ఇరువది నాలుగు మెట్లును మైనముపై నిలిచినవి. గది వేడెక్కిన మైనము కరగి మెట్లు జరుగును, మేళము చెడును. వాయింపని వీణకు తంత్రులు కొంత సడలింపవలయును. అన్నింటికంటె ముఖ్యముగ, పాతదానిని క్రొత్తదిగ చేయవలెనను నుత్సాహమును అణచుకొనవలయును. వార్నీషు పూసి మెఱపించినచో చేసినవాని యులిగుర్తులు పోవును. ఏ వాద్యములు వాయించుటకు తగినవో, ఏవి చూచుటకు మాత్రమే మిగిలినవో వేఱుపఱచి, మొదటివానిని అప్పుడప్పుడు పలికించుచు, రెండవవానిని కదపక కాచుట యుచితము. ఇది వాయింప నెఱిగినవారు మాత్రమే చేయగల పని.

అట్టివారి కొఱకు మేము వెదకితిమి. జీతమెంత యని యడిగినవారు కొందఱు. గదిని పెండ్లివారి కద్దెకిచ్చిన లాభము కదా యనినవారు కొందఱు. తుదకు మాకు తగినవారుగా తోచినది ఆ వృద్ధ విద్వాంసుల మనుమరాలు. ఆమె తాతగారివద్ద నాదస్వరము నేర్చినది. పది యేండ్లనుండి గదిని తుడుచుచున్నదియు, పీకలను సరిచూచుచున్నదియు, పుస్తకమున లెక్క వ్రాయుచున్నదియు నామెయే. మేము పరులకొఱకు జిల్లాలన్నియు తిరిగివచ్చి, తలుపు దగ్గఱ చీపురుతో నిలిచియున్నదానిని కడపట చూచితిమి. సిగ్గుతో నీ మాట చెప్పుచున్నాము.

ఆడుపిల్లకు మేళపు వాద్యము లేల యని పెద్దలలో నొకరిద్దఱు సందేహించిరి. వారిపై మాకు గౌరవము కలదు. కాని నాదస్వరము ఒక్క కులముదిగాని, పురుషులదిగాని యై నిలిచిన విద్య కాదు. ప్రకాశము జిల్లా కరవదిలో జనించిన షేక్ చిన మౌలానాగారు (1924–1999) ఆ వాద్యముతో దేశమంతట మన్నన పొందిరి. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతుల కిరువురకును పద్మశ్రీ లభించినది. లోకము గౌరవించినదానిని మన గుమ్మమున మనమే యడ్డగింపవచ్చునా?

కావున మేము సభవారి యెదుట నుంచు నియమము లివి. వాద్యములు సంఘమున కెల్లకాలము చెందియుండవలయును. విక్రయముగాని తాకట్టుగాని కూడదు. ప్రతిదానికి సంఖ్యయు, ఛాయాచిత్రమును, వచ్చిన యూరును, ఇచ్చినవారి వంశమును పుస్తకమున నెక్కింపవలయును. రసీదు లేక తాళపు చిప్ప యైనను గడప దాటరాదు. ప్రతి మహాసభయందు లెక్క చదువవలయును. సంరక్షకురాలికి గౌరవవేతనము శాశ్వతనిధి వడ్డీనుండియే యీయవలయును. ఆమె దయాధర్మములపై నాధారపడరాదు. ఆమెయు తన కాలములో మఱియొకరికి ఈ పని నేర్పవలయును. నేటి మన చిక్కునకు కారణము ఆ కడపటి నియమము లేకపోవుటయే.

పోషక మహాశయులారా! మీరు వసతిగృహమునకు గదులు కట్టించితిరి. ఆ నిధికి మీలో ప్రతియొక్కరు కొంచె మిచ్చిన చాలును. సోదరులారా! మీ యిండ్ల యటుకలపై నేమున్నదో రేపే చూడుడు.

ఆ వృద్ధులు ఈ సభలో వెనుక వరుసయం దున్నారు. తాళపుచెవి వారి జేబులోనే యున్నది. సభవారి సమ్మతియైనచో, దానిని వారు తమ చేతులతోనే మనుమరాలి చేతి కీయవలయునని మా ప్రార్థన. ఈ తీర్మానమును మీ యామోదమునకు విడిచి, విరమించుచున్నాము.