ధైర్యం చెప్పిపోయేవాళ్లు



సాహిత్య సదస్సుకు అధ్యక్షత వహిస్తూ క్యాన్సర్ గురించి మాట్లాడతానంటే, ఉప్పల్ మిత్రుడొకాయన పొద్దున్నే ఫోన్ చేసి కంగారుపడ్డాడు. వైద్యం గురించి చెప్పే అర్హత నాకు లేదు. నేను మాటల మనిషిని. ఆ జబ్బు చుట్టూ మనం వాడే మాటల గురించే నాకు చెప్పాల్సింది ఉంది.

పాతకాలం వాళ్లు రాచపుండు అన్నారు. మనం పేరు తెలిసీ ‘గడ్డ’ అంటాం, గొంతు తగ్గించి ‘పెద్ద జబ్బు’ అంటాం. రేడియేషన్ ఇస్తే ‘కరెంటు పెట్టిన్రు’ అంటాం. కరెంటు అన్న మాట నాకు ఇష్టమే. తమ ఒంటి మీద జరుగుతున్నదేమిటో రోగులు తమకు తామే చెప్పుకున్న మాట అది. ‘గడ్డ’ సంగతి వేరు. రోగికి తెలియకుండా ఇంట్లోవాళ్లు కప్పిన దుప్పటి అది.

మా అక్క నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసింది. రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు మేమూ గడ్డ అనే చెప్పాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, లక్డీకాపూల్‌లో దిగి, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లం. 1955లో మొదలైన, మెహదీ నవాజ్ జంగ్ పేరున్న ఆ సంస్థ పేరులోనే క్యాన్సర్ అన్న మాట ఉంది. ఇరవై ఏళ్లు లేబుళ్లు సరిచూసిన మనిషి బోర్డు చదవదా? చదివింది. చదివి, మా మొహాలు చూసి, ఊరుకుంది.

తర్వాత పరామర్శలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతివాళ్లూ ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పి వెళ్లారు. ఒకరోజు అక్క నన్ను పిలిచి, “మీరంతా వచ్చి ధైర్యం చెప్పిపోతుంటే చాయ్‌లు పెట్టీ పెట్టీ నాకు పాణం పోతుందిరా” అంది. నవ్వాం. ఆ రాత్రే మొదటిసారి ఆమె నాతో క్యాన్సర్ అన్న పేరు పలికింది. ఇద్దరం ఏడ్చాం. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర పట్టింది.

ఈ దాపరికం విషయంలో మన సినిమా కథ చూడండి. 1981లో ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని నాగేశ్వరరావు పాత్ర తన క్యాన్సర్‌ను ప్రేయసికి తెలియనివ్వదు. ఆమె తనను అసహ్యించుకునేలా నటిస్తుంది. దాచడమే త్యాగమని మన తరం అక్కడ నేర్చుకుంది. అదే అక్కినేని 2013 అక్టోబరులో, తొంభైల గడపలో, విలేకరులను తానే పిలిచి తనకు క్యాన్సర్ అని చెప్పారు. ‘మనం’ సినిమాలో తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. ఆ పాత్రకంటే ఆ విలేకరుల సమావేశమే నాకు నటన లేని గొప్ప ఘట్టంగా తోస్తుంది. దాన్ని ఒక కథగా మలిచిన రచన ఏదీ నా కంటపడలేదు.

ఇక ‘ధైర్యంగా ఉంటే జబ్బు తగ్గుతుంది’ అన్న మాట. 2007లో మనస్తత్వవేత్త జేమ్స్ కోయిన్ బృందం తల, మెడ క్యాన్సర్లు ఉన్న 1,093 మందిని పరిశీలిస్తే, మనసు బాగుండటానికీ ఆయుష్షుకీ లంకె కనపడలేదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977 నుంచి క్యాన్సర్ రోగుల మనసుకు వైద్యం చేసిన జిమీ హాలండ్, ‘ఆశావాదంతో ఉండి తీరాలి’ అన్న ఒత్తిడిని నిరంకుశత్వం అంది. జబ్బు తిరగబెడితే తాను సరిగా ధైర్యపడలేదేమోనన్న నేరభావం కూడా రోగి నెత్తినే పడుతుంది. మనసుకు వైద్యం కావాలి. గడ్డ కరగడానికి కాదు, ఉన్న రోజులు నరకం కాకుండా ఉండటానికి. అది చిన్న విషయమా?

చిక్కు ఎక్కడంటే, ఆకలి పోవడం, నిద్ర చెడటం, నీరసం కీమో వల్లా వస్తాయి, కుంగుబాటు వల్లా వస్తాయి. అందుకే కుంగుబాటు కంటికి ఆనదు. ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, నేను వీళ్లకు భారం అనడం, ఇవి చూసుకోవాలి. స్కాన్ ముందు రోజు రాత్రి గుబులు అందరికీ ఉంటుంది. చికిత్స అయిపోయాక, చుట్టాలు రావడం మానేశాక, జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న భయం మొదలవుతుంది. అప్పుడు ఎవరూ ఉండరు. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవవాళ్లు తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు రాసుకోండి, సభా మర్యాద కోసం మొహమాటపడొద్దు.

కథకులకు ఒక మనవి. మీ కథల్లో క్యాన్సర్ వచ్చిన మనిషి మూడో పేజీలో మంచం పడతాడు, ఐదో పేజీలో పోతాడు. మధ్యలో ఓపీ బెంచీ మీద గంటలకొద్దీ కూర్చున్న వాళ్లెక్కడ? మందు బాటిల్ చుక్కలు లెక్కపెట్టేవాళ్లు, ఇంటినుంచి తెచ్చిన పప్పన్నం పక్క ఊరి మనిషికి పెట్టేవాళ్లు, ఊడిన జుట్టు మీద జోకులేసుకునేవాళ్లు ఎక్కడ? మా అక్క ఆ బెంచీ మీద సంపాదించిన స్నేహితురాళ్లు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. నా పరామర్శల కంటే ఆ ఫోన్లకే ఆమె మొహం విప్పారుతుంది.

అక్క మూడో వరసలోనే కూర్చుంది. పదకొండుకి విరామం. ఆమె దగ్గరికి వెళ్లదలచినవాళ్లు చాయ్ మాత్రం మీరే తీసుకెళ్లండి. చక్కెర తక్కువ.

మొదటి పత్రం చదివేవారు వేదిక మీదికి రావాలి.