వీధిలో మోగిన ఖాళీ గిన్నెలు

(మహిళా సంఘం జిల్లా సభలో చేసిన ప్రసంగ పాఠం)



డబ్బు విలువ పడిపోతే ఇల్లు ఎలా గడుస్తుందో మాట్లాడమన్నారు. నేను ఆర్థికవేత్తను కాను. ఏళ్ళ తరబడి పొదుపు సంఘాల లెక్కల పుస్తకాలు రాస్తున్న మనిషిని. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతాను.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించారు. మర్నాడు మా వీధిలో ఉండే ఒకామె నా దగ్గరకొచ్చి కొంగుముడి విప్పింది. పదకొండు వెయ్యి నోట్లు. కుట్టుపని చేసి, భర్తకు తెలియకుండా పప్పుడబ్బాలో దాచుకున్న డబ్బు. మొదట్లో కౌంటరులో మార్చి ఇచ్చింది 4,000 వరకే. మిగతాది ఖాతాలో వెయ్యాలి. ఆమెకు ఖాతా లేదు. భర్త ఖాతాలో వేసింది. అది మళ్ళీ ఆమె చేతికి రాలేదు. పప్పుడబ్బాలో దాచుకోమని సలహా ఇచ్చింది నేనే.

అప్పుడు రూపాయి కూలిపోలేదు. కొన్ని నోట్లు మాత్రమే రద్దయ్యాయి. దానికే ఇంత జరిగితే, ఒక దేశం డబ్బే కూలిపోతే ఆడవాళ్ళ గతేమిటి? ఈ ప్రశ్న నన్ను అర్జెంటీనా దాకా తీసుకెళ్ళింది.

1991లో అక్కడి ప్రభుత్వం ఒక పెసో ఒక డాలరుతో సమానమని చట్టం చేసింది. రైళ్ళు, టెలిఫోన్లు, చమురు ప్రైవేటువాళ్ళ పరమయ్యాయి. దిగుమతుల పోటీకి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పు మీద అప్పు పెరిగింది. 2001 జులైలో పొదుపు పేరుతో ప్రభుత్వోద్యోగుల జీతాల్లో, పెన్షన్లలో 13 శాతం కోశారు. డిసెంబరు మొదట్లో బ్యాంకుల్లోంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోకూడదన్నారు. డిసెంబరు 19 రాత్రి జనం గిన్నెలు, గరిటెలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. మర్నాడు అధ్యక్షుడు డి లా రువా రాజీనామా చేసి హెలికాప్టరులో వెళ్ళిపోయాడు. ఆ రెండు రోజుల్లో ముప్పైమందికి పైగా చనిపోయారు.

2002 జనవరిలో పెసోకు డాలరుతో ముడి తెగింది. డాలర్లలో దాచుకున్నవాళ్ళకు డాలరుకు 1.40 పెసోలు లెక్కగట్టారు. కొన్ని నెలల్లోనే బజారులో డాలరు మూడున్నర పెసోలు దాటింది. దాచుకున్న సొమ్ములో సగానికి పైగా ఎవరు తిన్నట్టు? ఆ ఏడాది అక్టోబరుకు నూటికి 57 మంది పేదరికంలో ఉన్నారు.

మరి ఎలా బతికారు? పత్రికలు 'ప్రజలు' బతికారని రాస్తాయి. ఆ ప్రజల్లో వంట చేసేదెవరో, వరుసలో నిలబడేదెవరో మనకు తెలుసు. 1995లో బెర్నాల్ అనే ఊళ్ళో ఇరుగుపొరుగువాళ్ళు కొందరు మారకపు సంఘం పెట్టారు. రొట్టె ఇచ్చి బట్ట, జుట్టు కత్తిరించి కూరగాయలు. 'క్రెడిటో' అని సొంత చీటీలు అచ్చు వేసుకున్నారు. సంక్షోభం నాటికి ఇవి దేశమంతా పాకి లక్షలాదిమందికి తిండి పెట్టాయి. వాటిలో ఎక్కువమంది స్త్రీలే. కానీ 2002లో దొంగచీటీలు వెల్లువెత్తి, ఆ చీటీల విలువ కూడా పడిపోయింది. మనం చేసుకున్న డబ్బయినా లెక్కా నమ్మకమూ లేకపోతే నిలవదు.

బ్యూనస్ ఎయిర్స్‌లో బ్రుక్‌మన్ అనే కోట్ల ఫ్యాక్టరీ ఉంది. పనిచేసేవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. 2001 డిసెంబరు 18న ఇంటికెళ్ళడానికి బస్సు చార్జీలైనా ఇమ్మని అడిగారు. డబ్బు తెస్తామని వెళ్ళిన యజమానులు తిరిగి రాలేదు. ఆడవాళ్ళు అక్కడే ఉండిపోయి, మిషన్లు తామే నడిపారు. 2003 ఏప్రిల్‌లో పోలీసులు గెంటేశారు. ఆ ఏడాది చివరికి సహకార సంఘంగా మళ్ళీ లోపలికి వెళ్ళారు.

లా పంపా రాష్ట్రంలో 1995 నుంచే లూసీ డి కొర్నెలిస్ వంటి రైతు స్త్రీలు బ్యాంకుల వేలాలను అడ్డుకున్నారు. వేలం పాట మొదలవగానే అంతా కలిసి జాతీయగీతం పాడేవారు. అప్పులవాళ్ళు తలుపులు పీక్కుపోతుంటే ఇంట్లో కూర్చుని ఏడ్చిన మన రైతు కుటుంబాల ఆడవాళ్ళకు ఈ మాట చెప్పాలనిపించింది.

అయితే మిత్రులారా, ఒక హెచ్చరిక. మన ఓర్పును మెచ్చుకునేవాళ్ళను నమ్మకండి. 'ఆడవాళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తారు' అన్న ధీమాతోనే ప్రభుత్వాలు ముందు రేషను, ఆసుపత్రి, బడి ఖర్చులు కోస్తాయి. కోసిన ప్రతి పనీ మన వంటింట్లోకి, మన నడుం మీదికి వస్తుంది. దానికి కూలి లేదు, లెక్కా లేదు.

2002లో అక్కడ నిరుద్యోగ కుటుంబాలకు నెలకు 150 పెసోలు ఇచ్చారు. అందుకున్నవాళ్ళలో మూడింట రెండొంతులకు పైగా స్త్రీలు. ఆ ఏడాదే ధరలు 41 శాతం పెరిగాయి, తిండి ధరలు ఇంకా ఎక్కువ. 150 మాత్రం 150 గానే ఉండిపోయింది. రేషను బియ్యం బదులు నగదు ఇస్తామని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. ధర ఎంత పెరిగినా కిలో బియ్యం కిలో బియ్యమే.

అందుకే ఈ సభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ప్రతి సభ్యురాలికీ తన పేరు మీద, తను మాత్రమే సంతకం పెట్టే ఖాతా ఉండాలి. ఇంటి పట్టాలో, పొలం పాసుపుస్తకంలో ఆమె పేరుండాలి. సంఘం లెక్కలు ప్రతి నెలా అందరి ముందూ చదవాలి. రేషను ధాన్యంగానే అందేలా పోరాడాలి.

పప్పుడబ్బాలో దాచుకోమని ఇక ఎవరికీ చెప్పను. అది భయంతో దాచిన డబ్బు. భయపడాల్సిన అవసరం లేని హక్కు మనకు కావాలి. మా వీధి ఆమెకు ఇప్పుడు ఖాతా ఉంది. ఈ సభకు కూడా వచ్చింది. ఆమె పదకొండు వేలు మాత్రం నా పుస్తకంలో ఇంకా బాకీగానే ఉన్నాయి.