డౌట్స్ లేవు సార్!
(ఖరగ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చర్చా సమావేశం నడపటం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎయిర్‌ఫోర్సులో నేను ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. క్లాసు చెప్పటం వచ్చు. పదిమందిని కూర్చోబెట్టి వాళ్ళచేత మాట్లాడించటం వేరే విద్య అని మాత్రం రిటైరయ్యాక, ఈ ఊళ్ళోనే, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను.

సర్వీసులో క్లాసు ఎలా ముగుస్తుందో మీకు తెలుసు. 'ఎనీ డౌట్స్?' అంటాం. 'నో సార్!' అంటారు. అర్థమై అన్నారో, టీ టైమయి అన్నారో మనకు అక్కర్లేదు.

2022లో పెన్షన్లు స్పర్శ్‌లోకి మారుతున్న రోజులు. కాలనీ హాల్లో అవగాహన సమావేశం పెట్టి నన్ను నడపమన్నారు. ముప్పైమంది దాకా వచ్చారు. ముప్పావు గంట ఉపన్యాసం దంచాను. మన స్టేషను ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది కదా, నా ఉపన్యాసం కూడా ఆ కొలతదే! ఆఖర్న 'డౌట్స్?' అన్నాను. ఒక సుబేదార్ మేజర్ గారు లేచి ఓఆర్ఓపీ మీద మొదలుపెట్టారు. నలభై నిమిషాలు. ఆయన చెప్పేది తప్పని కాదు, కాని ఆనాటి విషయం అది కాదు. నాకంటే సీనియరు, కూర్చోండి అనటానికి నోరు రాలేదు. మధ్యలో ఒక కుర్రాడు సెల్‌ఫోన్లో చూసి ప్రతి మాటా సరిదిద్దుతున్నాడు. వాళ్ళిద్దరికీ వాదన ముదిరింది. హాలు టైమైపోయింది.

వెనక వరసలో ఒకావిడ ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. అలాగే లేచి వెళ్ళిపోయారు. చూశాను, పట్టించుకోలేదు.

రెండు నెలల తర్వాత గుళ్ళో కనిపించారు. భర్త హవల్దారుగా రిటైరై పోయారు. ఆవిడ పేరు సర్వీసు రికార్డులో ఒక రకం, ఆధార్‌లో ఇంకో రకం. ఫ్యామిలీ పెన్షను ఆగిపోయింది. "అమ్మా, ఆ రోజే అడగవలసింది" అన్నాను. "అంతమంది పెద్ద సార్లు మాటాడతంటే నాను లేచి ఏటి అడగను బాబూ?" అన్నారు.

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. మాట్లాడేవాళ్ళను ఆపలేకపోవటం చిన్న తప్పు. మాట్లాడనివాళ్ళకు సందేహాలే లేవనుకోవటం పెద్ద తప్పు.

నిజానికి దీనికి మందు మన సర్వీసులోనే ఉంది. కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం అందరికంటే జూనియరు నుంచి మొదలుపెట్టి అడుగుతారు. పెద్దాయన ముందు చెబితే చిన్నవాడు కాదనలేడని ఆ నియమం పెట్టినవాళ్ళకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ రూలు చదివాను గాని, హాల్లో వాడుకోవచ్చని తట్టలేదు. ఈ ఊరికి బల్ల చుట్టూ కూర్చునే మాటలు కొత్త కావు. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసింది ఇక్కడే. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన మన వి.వి. గిరి గారు తర్వాత కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు కూడా, తగాదాను ట్రిబ్యునల్‌కు పంపేకంటే ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవటమే మేలనేవారు.

రెండో సమావేశానికి కుర్చీలు గుండ్రంగా వేయించాను. గుమ్మంలోనే ఒక్కొక్కరికీ చీటీ. పేరు వద్దు, ఒక్క ప్రశ్న చాలు. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళంతా తెలుగు రాయలేరు గనుక హిందీ అయినా, బెంగాలీ అయినా సరే. రాయలేనివారికి రాసిపెట్టటానికి ఒక మనిషి. ముందు చీటీలు, తర్వాతే నోళ్ళు.

సుబేదార్ మేజర్ గారింటికి ముందురోజే వెళ్ళి టీ తాగాను. "సార్, రికార్డుల సంగతి మీకు తెలిసినట్టు నాకు తెలీదు. ఇద్దరు ముగ్గురి పీపీఓలు మీరు చూసిపెట్టాలి" అన్నాను. ముఖస్తుతి కాదు, నిజమే. ఆ రోజు ఆయన ఓఆర్ఓపీ ఎత్తింది ఒక్కసారే. బోర్డు మూల రాసి, "ఆఖరి పావుగంట మీదే సార్" అన్నాను. మాట నిలబెట్టుకున్నాను. ఆయన ఇరవై నిమిషాలు తీసుకున్నారనుకోండి!

ఇంకొకాయన లేచి, "నువ్వు ఎయిర్‌ఫోర్సువాడివి, ఆర్మీ పెన్షను సంగతి నీకేం తెలుసు?" అని గట్టిగా అరిచారు. రోషం వచ్చింది. మింగుకుని, "తెలీదు. ఇక్కడ ఎవరికి తెలుసు?" అన్నాను. ముగ్గురు చేతులెత్తారు. అరిచినాయనా ఎత్తారు.

అన్నీ ఇలా కుదరవు. ఒకసారి ఒకాయన తాగి వచ్చారు. ఏ ఉపాయమూ పారలేదు, ఆటో ఎక్కించి ఇంటికి పంపాం. మర్నాడు నేనే వెళ్ళి పలకరించాను. తర్వాత మళ్ళీ రాలేదు.

ఆ గుళ్ళో కనిపించిన అమ్మ కాగితాలు సుబేదార్ మేజర్ గారే చూశారు. అర్జీ, అఫిడవిట్ రాయించి రికార్డ్స్ ఆఫీసుకు పంపించారు. కొన్ని నెలలు పట్టింది గాని పెన్షను, బకాయిలతో సహా వచ్చింది. ఇప్పుడు మా సమావేశాల్లో గుమ్మం దగ్గర కూర్చుని చీటీలు పంచేది ఆవిడే. వచ్చేసారి మీరూ ఒకటి తీసుకోండి.

సెలవు. జై హింద్.